ఆనుకుని ఉన్న దిమ్మెలను తోస్తే వాటి మధ్య బలం ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

కింది లెక్కలన్నిటిలో దాదాపు ఒకే జత దిమ్మెలు కనిపిస్తాయి. ఎ బరువైనది, 3 కేజీలు. బి 2 కేజీలు. ఎడమ పక్క ఎ, దాన్ని ఆనుకుని కుడి పక్క బి. ప్రత్యేకంగా చెప్పకపోతే నేల నునుపుగా ఉందనీ, ఎడమ నుంచి ఎ మీద 20 న్యూటన్ల బలంతో తోస్తున్నామనీ అనుకోండి. గురుత్వ త్వరణం 10 మీ/సె² గా తీసుకున్నాను, అంకెలు గుండ్రంగా రావడానికి.

స్పర్శా బలం అంటే అసలు ఏమిటి?

రెండు వస్తువులు తాకే చోట ఒకదాన్నొకటి నెట్టుకునే బలం. ఎ ముందుకు కదలబోతుంది, దారిలో బి ఉంది. ఆ రెండు ముఖాలు కంటికి కనిపించనంత కొద్దిగా నొక్కుకుపోతాయి, నొక్కుకుపోయిన పదార్థం తిరిగి పూర్వపు ఆకారానికి రావాలని తంటాలు పడుతుంది. ఆ తోపుడే స్పర్శా బలం. తాకే తలానికి లంబంగా ఉంటుంది కాబట్టి పుస్తకాల్లో దీన్ని అభిలంబ బలం అనీ, లంబ ప్రతిచర్య అనీ కూడా రాస్తారు. నేల పెట్టెను పైకి నెట్టే బలమూ ఇదీ ఒకే జాతి. అక్కడ తాకే తలం అడ్డంగా ఉంది, ఇక్కడ నిలువుగా ఉంది, అంతే తేడా.

దీనికి ముందే రాసిపెట్టిన సూత్రం లేదు. స్ప్రింగ్ బలానికి ఉంది, గురుత్వ బలానికి ఉంది. స్పర్శా బలం మాత్రం పరిస్థితి ఎంత అడిగితే అంత పుట్టుకొస్తుంది. అందుకే దాన్ని ఎప్పుడూ న్యూటన్ రెండో నియమం (బలం = ద్రవ్యరాశి × త్వరణం) నుంచి రాబట్టుకోవాల్సిందే.

20 న్యూటన్లతో తోస్తే ఆ 20 బి కి చేరదా?

చేరదు. ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం.

రెండు దిమ్మెలూ కలిసి కదులుతున్నాయి. మొత్తం ద్రవ్యరాశి 5 కేజీలు, బయటి నుంచి అడ్డంగా పడే బలం 20 న్యూటన్లు. కాబట్టి త్వరణం 20 ÷ 5 = 4 మీ/సె².

ఇప్పుడు ఎ ని మరిచిపోయి బి ఒక్కదాన్నే చూడండి. మీ చెయ్యి దాన్ని తాకలేదు. దాన్ని అడ్డంగా తోసేది ఎ ఒక్కటే. 2 కేజీల వస్తువు 4 మీ/సె² త్వరణంతో వెళ్లాలంటే కావాల్సిన బలం 2 × 4 = 8 న్యూటన్లు. కాబట్టి ఎ, బి ల మధ్య స్పర్శా బలం 8 న్యూటన్లు.

మిగతా 12 ఏమైనట్టు? ఎ వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. దాన్ని వెనక నుంచి 20 తో మీరు తోస్తున్నారు, ముందు నుంచి 8 తో బి వెనక్కి నెడుతోంది. మిగిలింది 12. ఆ 12 తో 3 కేజీలకు వచ్చే త్వరణం 12 ÷ 3 = 4. లెక్క సరిపోయింది. బలం మధ్యలో ఎక్కడా తప్పిపోలేదు, ఎ ని కదిలించడానికి ఖర్చయింది.

బి కి అందేది మీరు తోసినంత కాదు, బి కదలడానికి ఎంత కావాలో అంత. ఈ పేజీలో ఇకపై వచ్చేదంతా ఈ వాక్యాన్ని రకరకాల పరిస్థితుల్లో వాడుకోవడమే.

కుడి పక్క నుంచి బి ని తోస్తే కూడా 8 వస్తుందా?

రాదు, 12 వస్తుంది. త్వరణం మారదు, 4 మీ/సె² గానే ఉంటుంది, దిశ మాత్రం ఎడమ వైపుకి తిరుగుతుంది. కానీ ఈసారి స్పర్శా బలం మోసుకెళ్లాల్సింది ఎ ని: 3 × 4 = 12.

8, 12 కలిపితే 20. ఇది కాకతాళీయం కాదు. ఒకసారి వచ్చేది బి వాటా, ఇంకోసారి వచ్చేది ఎ వాటా. రెండు వాటాలూ కలిస్తే మొత్తం బలం రావాల్సిందే. సూత్రంగా రాసుకోవాలంటే: స్పర్శా బలం = తోసే బలం × (ముందున్న ద్రవ్యరాశి ÷ మొత్తం ద్రవ్యరాశి). సూత్రం సరైనదో కాదో అనుమానం వస్తే రెండు చివరలా పరీక్షించండి. ముందున్నది దూదిపింజ అంత తేలికైతే స్పర్శా బలం దాదాపు సున్నా. ముందున్నది కొండంత బరువైతే మీరు తోసినదంతా దాదాపుగా దానికే చేరుతుంది. రెండూ మనసుకు సబబుగానే తోస్తాయి.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు అన్నిటినీ కలిపి ఒకే వస్తువుగా చూసి త్వరణం కనుక్కోండి. తర్వాత మీకు కావాల్సిన స్పర్శా బలం ఉన్న చోట మనసులో కోత పెట్టి, ఒక పక్కనున్న ముక్కను మాత్రమే తీసుకుని దాని ఫ్రీ బాడీ డయాగ్రమ్, అంటే దాని మీద పడే బలాలన్నిటినీ బాణాలుగా చూపే బొమ్మ, గీయండి.

ఏ ముక్కను తీసుకోవాలి? తక్కువ బలాలు పడే ముక్కను. పై లెక్కలో బి మీద అడ్డంగా ఒకే బలం ఉంది, ఎ మీద రెండున్నాయి. బి ని తీసుకుంటే ఒక గుణకారంతో పని అయిపోతుంది. ఎ ని తీసుకున్నా అదే జవాబు వస్తుంది కానీ ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర తడబడే అవకాశం ఎక్కువ. జవాబు వచ్చాక వదిలేసిన ముక్కతో సరిచూసుకోవడం మంచి అలవాటు, అర నిమిషం కూడా పట్టదు.

చర్య, ప్రతిచర్య సమానం కదా. మరి కొట్టేసుకుపోయి దిమ్మెలు కదలకుండా ఎందుకు ఉండవు?

ఎ, బి ని 8 తో ముందుకు నెడుతోంది. బి, ఎ ని 8 తో వెనక్కి నెడుతోంది. ఈ రెండూ వేర్వేరు వస్తువుల మీద పడుతున్న బలాలు. ఒకే వస్తువు మీద పడే బలాలనే ఒకదాంతో ఒకటి కొట్టేయవచ్చు. బి కి సంబంధించినంత వరకు దాని మీద ఉన్నది ముందుకు నెట్టే 8 ఒక్కటే, దాన్ని ఆపేది ఏదీ లేదు.

రెండిటినీ కలిపి ఒకే వస్తువుగా చూసినప్పుడు మాత్రం ఆ జంట నిజంగానే కొట్టుకుపోతుంది. త్వరణం కనుక్కునేటప్పుడు స్పర్శా బలాన్ని పట్టించుకోకపోవడానికి మనకున్న హక్కు అదే. లోపలి బలాలు వ్యవస్థ మొత్తాన్ని కదిలించలేవు.

న్యూటన్ కూడా దీని మీద గట్టిగానే వాదించాడు. 1687లో అచ్చయిన ప్రిన్సిపియాలో, వేలితో రాయిని నొక్కితే రాయి కూడా వేలిని నొక్కుతుందని మూడో నియమం కిందే చెప్పాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు: ఒకదాన్నొకటి ఆకర్షించే రెండు వస్తువుల మధ్య ఏదైనా అడ్డు పెట్టామనుకోండి, రెండు వైపుల నుంచీ దాని మీద పడే ఒత్తిడి సమానం కాకపోతే ఆ మొత్తం దానంతట అదే వేగం పుంజుకుంటూ అనంతంగా వెళ్లిపోవాలి, అలా జరగదు కదా అని. అయస్కాంతాన్నీ ఇనుమునూ వేర్వేరు పాత్రల్లో పెట్టి నిశ్చలమైన నీటి మీద తేలనిచ్చి చూశాడు కూడా. పాత్రలు తాకుకున్నాక ఏదీ రెండోదాన్ని నెట్టుకుపోలేదు, అక్కడే ఆగాయి.

మూడు దిమ్మెలుంటే?

2, 3, 5 కేజీల దిమ్మెలు ఈ వరుసలో ఉన్నాయి. 2 కేజీల వైపు నుంచి 30 న్యూటన్లతో తోస్తున్నాం. త్వరణం 30 ÷ 10 = 3 మీ/సె².

మొదటి కీలు (రెండు దిమ్మెలు తాకే చోటు) దగ్గర కోత పెడితే ముందున్నవి 3, 5 కేజీలు, అంటే 8. స్పర్శా బలం 8 × 3 = 24. రెండో కీలు దగ్గర ముందున్నది 5 కేజీలు: 5 × 3 = 15. మధ్య దిమ్మెతో సరిచూస్తే వెనక నుంచి 24, ముందు నుంచి 15, తేడా 9, అది 3 కేజీలకు 3 మీ/సె² త్వరణానికి సరిగ్గా సరిపోతుంది.

తోసే చోటు నుంచి దూరం వెళ్లేకొద్దీ స్పర్శా బలం మెట్లు దిగినట్టు తగ్గుతుంది. ఒక్కో మెట్టు ఎత్తు ఆ దిమ్మె ద్రవ్యరాశి × త్వరణం. అన్నీ సమానమైన పది దిమ్మెలుంటే మూడోదానికీ నాలుగోదానికీ మధ్య బలం ఎంతో నోటితోనే చెప్పవచ్చు: ముందున్నవి ఏడు, కాబట్టి తోసిన బలంలో పదింట ఏడు వంతులు.

వరుస మారిస్తే తేడా ఉంటుందా?

త్వరణంలో ఉండదు, స్పర్శా బలాల్లో ఉంటుంది. అవే దిమ్మెలను 5, 3, 2 గా పేర్చి 5 వైపు నుంచి తోస్తే 24, 15 కి బదులు 15, 6 వస్తాయి. కీళ్ల దగ్గర ఒత్తిడి తగ్గాలంటే బరువైనదాన్ని తోసే చేతి దగ్గర పెట్టాలి.

నేల గరుకుగా ఉంటే స్పర్శా బలం పెరుగుతుందా, తగ్గుతుందా?

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చే భాగం కూడా ఇదే.

ముందు రెండు దిమ్మెల కిందా ఘర్షణ గుణకం (నేల దిమ్మెను పైకి నెట్టే బలంలో ఘర్షణ ఎన్నో వంతో చెప్పే అంకె) 0.2 అనుకుందాం. ఎ మీద ఘర్షణ 0.2 × 30 = 6 న్యూటన్లు, బి మీద 0.2 × 20 = 4. మొత్తం 10 పోగా మిగిలిన బలం 10, త్వరణం 2 మీ/సె². బి ని చూస్తే, స్పర్శా బలం నుంచి 4 తీసేస్తే 2 × 2 = 4 రావాలి. అంటే స్పర్శా బలం 8.

నునుపు నేల మీద వచ్చిన 8 మళ్లీ వచ్చింది! త్వరణం సగానికి పడిపోయినా ఇది చెక్కుచెదరలేదు. కారణం ఏమిటంటే ఘర్షణ కూడా ద్రవ్యరాశి నిష్పత్తిలోనే పంచుకుంది. బి కి త్వరణం కోసం కావాల్సిన బలం ఎంత తగ్గిందో, ఘర్షణను ఎదుర్కోవడానికి కావాల్సిన బలం సరిగ్గా అంత పెరిగింది. గుణకం రెండిటికీ ఒకటే అయి, రెండూ జారుతున్నంత కాలం ఇది నిజం.

ఇప్పుడు బి కింద మాత్రమే గరుకు, ఎ కింద నునుపు. మిగిలిన బలం 16, త్వరణం 3.2. బి కి కావాల్సింది 4 + 6.4 = 10.4 న్యూటన్లు. పెరిగింది. తారుమారు చేసి ఎ కింద మాత్రమే గరుకు ఉంచితే మిగిలిన బలం 14, త్వరణం 2.8, స్పర్శా బలం 5.6. తగ్గింది. ముందున్నదాన్ని నేల పట్టుకుంటే కీలు బిగుస్తుంది, వెనకున్నదాన్ని పట్టుకుంటే వదులవుతుంది.

తోసినా కదలకపోతే?

కదలనప్పుడు త్వరణం సున్నా, అది తేలికే. చిక్కు వేరే చోట ఉంది. నిశ్చల ఘర్షణకు, అంటే వస్తువు కదలకుండా పట్టి ఉంచే ఘర్షణకు, స్థిరమైన విలువ లేదు, పైన ఒక హద్దు మాత్రమే ఉంది. ఎ కింద ఆ హద్దు 6, బి కింద 4 అనుకోండి. 8 న్యూటన్లతో తోస్తే రెండూ కదలవు, ఎందుకంటే 8 అనేది 10 కన్నా తక్కువ. మరి స్పర్శా బలం ఎంత?

న్యూటన్ నియమాలు చెప్పేది ఇంతవరకే: ఎ కింది ఘర్షణ 6 కి మించి ఆపలేదు కాబట్టి స్పర్శా బలం కనీసం 2, బి కింది ఘర్షణ 4 కి మించి ఆపలేదు కాబట్టి గరిష్ఠంగా 4. ఈ రెండిటి మధ్య ఎంతైనా ఉండవచ్చు. దిమ్మెలను అక్కడ ఎలా పెట్టారు, ముందే కాస్త నొక్కి పెట్టారా అన్నదాన్ని బట్టి మారుతుంది. మొదట ఒత్తిడి లేకుండా ఊరికే తాకుతూ ఉన్నాయనీ, మెల్లగా బలం పెంచామనీ చెబితే సాధారణంగా ఎ తన హద్దు దాకా ముందు భరిస్తుందనీ, మిగిలిన 2 బి కి చేరుతుందనీ తీసుకుంటారు. ప్రశ్నలో ఆ మాట లేకుండా ఒకే అంకె అడిగితే తప్పు ప్రశ్నది.

వాలు తలం మీద ఎలా?

నునుపైన వాలు మీద రెండిటినీ ఊరికే వదిలేస్తే స్పర్శా బలం సున్నా. రెండూ ఒకే త్వరణంతో జారతాయి, ఒకదాని సాయం ఇంకోదానికి అక్కర్లేదు. బరువైనది పైన ఉంటే కిందిదాన్ని నెడుతుందని చాలామంది అనుకుంటారు, నెట్టదు.

వాలు వెంట పైకి తోస్తే? 30 డిగ్రీల వాలు, కింద ఎ, పైన బి, 45 న్యూటన్ల బలం. వాలు వెంట కిందికి లాగే బరువు భాగం ఎ కి 15, బి కి 10. మిగిలింది 20, త్వరణం 4. బి కి కావాల్సింది 10 + 8 = 18. పాత సూత్రం ప్రకారం 45 లో అయిదింట రెండు వంతులన్నా 18 నే. గురుత్వం కూడా ద్రవ్యరాశి నిష్పత్తిలోనే లాగుతుంది కాబట్టి, ఒకే గుణకం ఉన్న ఘర్షణలాగే ఇదీ జవాబును మార్చదు.

ఘర్షణ వేర్వేరుగా ఉన్నప్పుడే అసలు కథ. అదే వాలు మీద ఎవరూ తోయకుండా జారుతున్న దిమ్మెల్లో పైన నునుపైన ఎ, కింద గరుకైన బి ఉన్నాయి, బి మీద ఘర్షణ 5 న్యూటన్లు. మొత్తం 25 − 5 = 20, త్వరణం 4. ఎ ని కిందికి లాగేది 15, దానికి కావాల్సింది 12, కాబట్టి బి దాన్ని 3 న్యూటన్లతో వెనక్కి నెడుతోంది. గరుకుది పైన ఉంటే మాత్రం కిందిది ముందే జారిపోతుంది, రెండూ విడిపోతాయి.

లెక్కలో స్పర్శా బలం మైనస్ వస్తే?

దిమ్మెలు విడిపోయాయని అర్థం. అతికించని ముఖాలు నెట్టగలవే గానీ లాగలేవు. ఉదాహరణకు ఎ ని వెనక నుంచి 4 తో తోస్తూ, బి ని ముందు నుంచి 10 తో లాగుతున్నాం. కలిసి కదులుతాయనుకుంటే త్వరణం 2.8, బి కి కావాల్సింది 5.6. కానీ దాని మీద అప్పటికే 10 ఉంది, కాబట్టి స్పర్శా బలం −4.4 అని వస్తుంది. అసంభవం. కలిసి కదులుతాయన్న ఊహే తప్పు. విడివిడిగా చెయ్యండి: బి త్వరణం 5, ఎ త్వరణం 4 ÷ 3, అంటే సుమారు 1.33, మధ్య బలం సున్నా.

మధ్యలో తాడు కట్టి ఉంటే ఆ 4.4 నిజంగానే తాడులో టెన్షన్‌గా (తాడు లాగే బలంగా) ఉండేది. తాడు లెక్కలకూ దిమ్మెల లెక్కలకూ తేడా ప్లస్, మైనస్ గుర్తులోనే ఉంది.

రెండు వైపుల నుంచీ తోస్తే?

ఎడమ నుంచి 20, కుడి నుంచి 10. త్వరణం కుడి వైపుకి 10 ÷ 5 = 2. బి ని వెనక్కి నెట్టే 10 ని ఎదుర్కుని పైగా 4 మిగలాలి కాబట్టి స్పర్శా బలం 14. ఒక్కో తోపుడు విడిగా చేసినా వస్తుంది: 20 వల్ల 8, 10 వల్ల 6, మొత్తం 14.

ఏటవాలుగా కిందికి నొక్కుతూ తోస్తే?

ఎ మీద అడ్డంగా 20, కిందికి 15 పడేలా 25 న్యూటన్ల బలం వేశామనుకోండి. నునుపు నేల మీద స్పర్శా బలం అదే 8, ఎ ని నేల నెట్టేది మాత్రం 45 అవుతుంది. నేల గరుకైతే (గుణకం 0.2) ఎ మీద ఘర్షణ 6 నుంచి 9 కి ఎక్కుతుంది. త్వరణం (20 − 13) ÷ 5 = 1.4, స్పర్శా బలం 4 + 2.8 = 6.8. గుణకం ఒకటే అయినా నిష్పత్తి చెడింది, ఎందుకంటే మీ చెయ్యి ఒక్క ఎ నే నొక్కుతోంది.

ముందు ముఖానికి ఆనించిన దిమ్మె కింద నేల లేకున్నా పడిపోకుండా ఉండగలదా?

ఉండగలదు, త్వరణం తగినంత ఉంటే. 8 కేజీల బండి ముందు ముఖానికి 2 కేజీల దిమ్మె ఆని ఉంది, ఘర్షణ గుణకం 0.5. దిమ్మె బరువు 20, దాన్ని ఘర్షణే మోయాలి. అందుకు స్పర్శా బలం కనీసం 40 ఉండాలి. 2 కేజీలకు 40 అంటే త్వరణం 20 మీ/సె². బండిని తోయాల్సింది 10 × 20 = 200 న్యూటన్లతో. విచిత్రం ఏమిటంటే కావాల్సిన త్వరణం దిమ్మె ద్రవ్యరాశి మీద ఆధారపడదు, తోసే బలం మాత్రం ఆధారపడుతుంది.

దిమ్మెల మధ్య తూకం యంత్రం పెడితే ఎంత చూపిస్తుంది?

యంత్రం బరువు లెక్కలోకి రానంత తక్కువైతే 8 న్యూటన్లే. యంత్రానికే 1 కేజీ ఉంటే అది మూడో దిమ్మె అయి కూర్చుంటుంది. అప్పుడు 24 న్యూటన్లతో తోస్తే త్వరణం మళ్లీ 4, యంత్రం వెనక ముఖం మీద 12, ముందు ముఖం మీద 8. లోపలి స్ప్రింగ్ ఎక్కడ ఉందో, దాని ముందు ఎంత ద్రవ్యరాశి ఉందో అన్నదాన్ని బట్టి ముల్లు ఆ రెండిటి మధ్య ఎక్కడో నిలుస్తుంది.

తోసిన క్షణమే బి కి తెలుస్తుందా?

తెలియదు. తోపుడు ఎ గుండా నొక్కుడు తరంగంలా ప్రయాణిస్తుంది. ఉక్కు కడ్డీలో ఆ వేగం సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు. 10 సెంటీమీటర్ల ఉక్కు దిమ్మెను దాటడానికి సెకనులో యాభై వేల వంతు పడుతుంది. ఆ లోపు బి మీద బలమే లేదు, తర్వాత కూడా తరంగం అటూ ఇటూ తిరిగి సద్దుమణిగే దాకా బలం ఊగిసలాడుతుంది. పైన చేసినవన్నీ ఆ ఊగిసలాట తగ్గాక ఉండే విలువలు. మెల్లగా తోసినప్పుడు ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. సుత్తితో కొట్టినప్పుడు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.